మా రోజుల్లో చేతిరాతకు విలువుండేది

ఒరేయ్ అబ్బాయ్, ముందు ఆ ఫోను బోర్లా పెట్టి, ఒక కాగితం, ఒక పెన్ను పట్టుకురా. లేవు కదూ? మీ ఇంట్లో వెతికితే నాలుగు చార్జర్లు దొరుకుతాయి గానీ రాసే పెన్ను ఒక్కటి దొరకదని నాకు తెలుసు. మా రోజుల్లో దెందులూరు బళ్లో పొద్దున్నే ప్రార్థన అవగానే కాపీ రాత. ఇంకు బుడ్డీ పాళీ కలమూ పట్టుకుని కింద చాప మీద కూర్చునేవాళ్లం. ద పక్కన ధ రాయమంటే పొట్ట కింద గీత మరిచిపోయినవాడు పేజీ మొత్తం మళ్లీ రాయాల్సిందే. తరవాత నేనూ ఆ బడిపంతులు ఉద్యోగమే ముప్పై నాలుగేళ్లు చేశాను. దెందులూరు చుట్టుపక్కల పదూళ్ల పిల్లలకి ఒత్తులూ గుణింతాలూ దిద్దించాను. ఇప్పుడు మీకు బొటనవేలు ఒక్కటే పనిచేస్తోంది, మిగతా నాలుగు వేళ్లూ ఫోను పట్టుకోవడానికే.

చాదస్తం అనుకుంటే అనుకో, మాట మాత్రం పూర్తిగా విను. 2025 వేసవిలో హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో నెలరోజులకి పైగా కూర్చున్నాను. అక్కడ రోజూ పొద్దునా సాయంత్రం నర్సమ్మ వచ్చి మా అన్నయ్య మనవడి చేతికి పెన్ను ఇచ్చి, ఒక వాక్యం రాయమనేది. కింది అంతస్తులో కోట్లు పోసి కొన్న స్కానింగు మిషన్లున్నాయి. అయినా కుర్రాడి మెదడు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి అంత పెద్ద డాక్టర్లూ ముందుగా చూసింది చేతిరాతనే. నేను ముప్పై నాలుగేళ్లు నెత్తీనోరూ బాదుకుని చెప్పిన మాటకి ఆ రోజు విలువొచ్చింది. ఆ సంగతే చెప్తాను.

వాడికొచ్చింది కాన్సర్. మా రోజుల్లో ఈ జబ్బు పేరు పైకి అనేవాళ్లు కాదు. రాచకురుపు అనాలంటే ఆడవాళ్లు గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, చెంపలు వేసుకుని అనేవాళ్లు. 1964లో మా మేనత్తకి రొమ్ములో గడ్డ కనపడితే సిగ్గుపడి ఏడాది పాటు దాచుకుంది. బయటపడ్డాక మా నాన్న ఏలూరులో మద్రాసు మెయిలు ఎక్కించి అడయారు తీసుకెళ్లాడు. ముత్తులక్ష్మీరెడ్డి గారు 1954లో పెట్టిన కాన్సర్ ఆసుపత్రి అది. అప్పట్లో మనవాళ్లకి ఉన్న దారులు అవే, అడయారు, రాయవెల్లూరు, లేకపోతే హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్న ఆసుపత్రి. చేయి దాటిపోయిందన్నారు అడయారులో. తిరిగొచ్చాక ఐదు నెలలు బతికింది.

ఆ ఐదు నెలలూ మా ఇంట్లో మనిషి లేని పూట లేదు. కొల్లేరు లంకల్లో ఉన్న చుట్టాలు దోనె మీద వచ్చి, గట్టెక్కి, నీళ్లకుండలో బతికున్న కొర్రమీలు పట్టుకుని నడిచి వచ్చేవాళ్లు, రోగికి బలమని. తాటాకు విసనకర్ర ఒకళ్ల చేతిలోంచి ఇంకొకళ్ల చేతిలోకి మారేది తప్ప ఆగేది కాదు. రాత్రిళ్లు లాంతరు వెలుగులో ఎవరో ఒకరు భారతం చదివేవాళ్లు. ఎవరికీ వాచీ లేదు, పోవాలన్న తొందరా లేదు. అలా ఉండేవి మా రోజులు. అయితే ఒక్కమాట, ఆవిడ నొప్పికి మూలిగిన మూలుగు కూడా నా చెవిలో ఇప్పటికీ ఉంది. అది దాచిపెట్టి అవి మంచి రోజులని నీతో చెప్పడం న్యాయం కాదు.

సరే, మావాడి సంగతి, అదే మా అన్నయ్య మనవడిది. తాడేపల్లిగూడెంలో 2015లో పెట్టిన ఎన్ఐటీలోనే చదువుకున్నాడు. శని ఆదివారాలు పాసింజరు ఎక్కి దెందులూరు వచ్చేవాడు. ఉద్యోగం హైదరాబాదులో వచ్చింది. 2023 సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఒళ్లు వెచ్చగా ఉందన్నాడు. ఒక క్లినిక్కులో టైఫాయిడ్ అని వారం రోజులు ఇంజక్షన్లు చేశారు, తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ టైఫాయిడే అన్నారు. ఐదు వారాలు అలాగే గడిచాయి. వాడు మాత్రం ఫోనులో లక్షణాలు కొట్టి చూసుకుని విటమిను తక్కువైంది తాతయ్యా అంటాడు.

మా చిన్నప్పుడు ఏలూరు నుంచి సైకిలు మీద వచ్చే ఎల్ఐఎం డాక్టరు గారు, వచ్చింది కాలి పుండుకైనా సరే, ముందు కింది కనురెప్ప కిందకి లాగి చూసేవాడు. ఎర్రగా ఉందా, పాలిపోయిందా అని. పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను నేను. ఆ రోజు మావాడి రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది. పళ్లు తోముకుంటుంటే రక్తం వస్తోందన్నాడు. మోచేతి కింద నీలం మచ్చలున్నాయి, దెబ్బ తగిలిన గుర్తు లేదు. అప్పుడు నేను ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను, సీబీపీ, అదే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష, చేయించండ్రా అని. ఏలూరులో చేయించాం. తెల్లకణాలు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి. బ్లడ్ కాన్సర్. అందులో బీ కణాల నుంచి పుట్టే తీవ్రమైన రకం.

మొదటి వైద్యం హైదరాబాదులో రెండేళ్ల పాటు అన్నారు. రకరకాల మందులు. అందులో ఒకటి వెన్నులోకి సూదితో ఎక్కించేవారు, పేరు మెథోట్రెక్సేట్. ఆ పేరు వినగానే నేను మావాణ్ణి అడిగాను, ఈ మందు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా అని. అమెరికా అన్నాడు. భీమవరంరా వెధవా అన్నాను. నీకూ తెలియదు కదూ? మనకి గంట ప్రయాణంలో ఉన్న భీమవరంలో 1895లో పుట్టాడు ఎల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించాడు. ఆ ఫోలిక్ ఆమ్లంలాగే కనపడి కాన్సర్ కణాన్ని మోసం చేసే మందుల్నీ అక్కడే తయారు చేయించాడు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అందులో ఒకదాన్ని తీవ్రమైన బ్లడ్ కాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. ఆ సంగతి 1948లో అచ్చయింది. అంతకుముందు ఆ జబ్బొచ్చిన పిల్లలకి మందన్నదే లేదు. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. ఆ వరసలో తరవాత వచ్చిందే మెథోట్రెక్సేట్. బోదకాలుకి మన ఊళ్లలో ఏటా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాలలో పుట్టిందే. మా రోజుల్లో కొల్లేరు గట్టు పొడుగునా బోదకాళ్లు చూసినవాణ్ణి నేను, ఆ మాత్ర విలువ నాకు తెలుసు. సినిమా హీరోల తాతల పేర్లు చెప్పే మీకు ఈయన పేరు తెలియకపోతే ఆ తప్పు మాలాంటి పంతుళ్లదే. మేం చెప్పలేదు.

ఏడాదిన్నర బాగానే ఉన్నాడు. 2024 చివర జబ్బు తిరగబెట్టింది. అప్పుడు చెప్పారు ఈ కొత్త వైద్యం గురించి. కార్ టీ సెల్ థెరపీ. వినగానే నాకు ఒళ్లు మండింది. మందంటే సీసాలో ఉండాలి, పొట్లంలో ఉండాలి. కుర్రాడి రక్తంలోంచి కణాలు తీసి, వాటిని మార్చి, మళ్లీ వాడికే ఎక్కించడమేవిటి? డాక్టరమ్మ ఓపికమంతురాలు. కుర్చీ లాక్కుని కూర్చుని అరగంట చెప్పింది. నేను అర్థం చేసుకున్న విధంగా నీకు చెప్తాను.

మన రక్తంలో టీ కణాలని ఉంటాయి. రాత్రిపూట చెరువు గట్టు మీద తిరిగే కావలివాడి లాంటివి, పరాయివాడు కనపడితే పట్టుకుంటాయి. కానీ కాన్సర్ కణం బయటినుంచి వచ్చింది కాదు, మన ఇంట్లోనే పుట్టి పెరిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అదీ కథ. కావలివాడు పక్కనుంచే వెళ్తాడు, మనవాడే కదా అనుకుంటాడు. ఈ రకం దొంగకి ఒంటి మీద ఒక గుర్తు ఉంటుంది, పుట్టుమచ్చ అనుకో, దాని పేరు సీడీ19. ఆ మచ్చను గుర్తుపట్టి పట్టుకునే ఒక చెయ్యిని కావలివాడికి కొత్తగా మొలిపిస్తారు. ఆ చేతికే కార్ అని పేరు. ఆ పేరులో మొదటి అక్షరానికి మూలమైన కైమెరిక్ అనే మాట గ్రీకుల కథల్లో సింహమూ మేకా పామూ కలిసిన ఒక జంతువు నుంచి వచ్చిందట. మనకి అంత దూరం ఎందుకు, నరసింహస్వామి లేడూ? బయట ఉండే సగం యాంటీబాడీ నుంచి తెచ్చింది, అది పట్టుకుంటుంది. లోపల ఉండే సగం టీ కణానిది, అది రెచ్చిపోతుంది. రెండూ కలిస్తేనే హిరణ్యకశిపుడు చస్తాడు.

ఆ చెయ్యి మొలవడానికి కావలసిన జన్యువును కణంలోకి మోసుకెళ్లేది ఒక వైరస్సు. హెచ్ఐవీ కుటుంబానికి చెందినది. ఆ మాట చెవిన పడగానే లేచి నిలబడ్డాను. 1990ల్లో ఆ పేరు వింటే ఊళ్లు ఎలా వణికాయో నీకు తెలియదు, నేను చూశాను. డాక్టరమ్మ నవ్వి, కోరలు పీకిన పాము తాతగారూ, బండి మాత్రం లాగుతుంది, కాటు వెయ్యదు అంది. కూర్చున్నాను.

కణాలు తీసే రోజు నేను పక్కనే ఉన్నాను. ఒక గొట్టంలోంచి రక్తం మిషన్లోకి పోతుంది, గిర్రున తిరిగే గిన్నెలో తెల్లకణాలు విడిపోతాయి, మిగతా రక్తం ఇంకో గొట్టంలోంచి మళ్లీ ఒంట్లోకి వచ్చేస్తుంది. నాలుగు గంటలకి పైనే పట్టింది. అచ్చం పాలకేంద్రంలో మీగడ తీసే సెపరేటరు. పాలకేంద్రంలో నేను చిన్నప్పుడు చూసిన పద్ధతే మనిషి రక్తానికి వాడుతున్నారు. ఆ సంచీని నవీ ముంబైకి పంపారు. అక్కడ జన్యువు ఎక్కించి, పెంచి, పరీక్షలు చేసి తిరిగి పంపడానికి వారాలు పట్టింది. తిరిగి వచ్చింది ఎలాగనుకున్నావు? ద్రవ నత్రజని డబ్బాలో, పొగలు కక్కుతూ. మా ఊరి పశువుల ఆసుపత్రిలో మేలుజాతి గిత్తల వీర్యం దాచే డబ్బా చూశావా? దాని తమ్ముడు.

మీరు ప్రతిదీ రేపే కావాలంటారు కదా, ఈ వైద్యం ఎన్నేళ్లు పట్టిందో విను. ఇజ్రాయెల్లో జెలిగ్ ఎష్హార్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు ఇలాంటి కణం సాధ్యమేనని 1989లో చూపించారు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కార్ల్ జూన్ అనే డాక్టరు, ఆయన బృందం దాన్ని ఏళ్ల తరబడి సానపెట్టారు. 2012లో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకి ఇచ్చారు. పిల్లల్లో ఆ పాపే మొదటిది. కణాలు పోరాటం మొదలెట్టేసరికి పాపకి విపరీతమైన జ్వరం, ప్రాణం మీదికి వచ్చింది. రక్తపరీక్షలో ఒక పదార్థం బాగా పెరిగిందని తేలితే, దానికి కళ్లెం వేసే మందు ఒకటుందని కార్ల్ జూన్‌కి స్ఫురించింది. ఆయన కూతురికి చిన్నతనం నుంచీ కీళ్లవాతం, ఆ జబ్బుకి వాడే మందు అది, టోసిలిజుమాబ్. ఒక తండ్రి ఇంట్లో పడ్డ బాధ ఇంకొకరి బిడ్డని కాపాడింది. ఆ పాప బతికింది, పెరిగి పెద్దదైంది. 2017లో అక్కడి ప్రభుత్వం మందుగా ఒప్పుకుంది. అంటే 28 ఏళ్లు. తాటిటెంక పాతినవాడు ముంజె తినడానికి ఉండడంటారు. ఇంత తొందర లోకంలో ఈ పని మాత్రం మా రోజుల నిదానంతోనే జరిగిందని తెలిసి నాకు మనసు కుదుటపడింది.

కానీ ధర! అమెరికాలో ఆ మొదటి మందు వెల 4,75,000 డాలర్లు. మన దేశంలో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి చేసిన పరిశోధన నుంచి ఇమ్యునోయాక్ట్ అనే కంపెనీ పుట్టి, నెక్స్‌కార్19 అని తయారు చేసింది. 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఐఐటీ బొంబాయికి వచ్చి దాన్ని దేశానికి అందించారు. మన ఏలూరు జిల్లా పుట్టింది కూడా ఏప్రిల్ 4నే, 2022లో, అందుకే నాకు ఆ తేదీ గుర్తుండిపోయింది. విదేశీ మందుతో పోలిస్తే పదో వంతే అంటారు. పదో వంతంటే ఎంతనుకున్నావు, మాకు అప్పుడు నలభై లక్షల పైమాట. మా అన్నయ్య కొడుకు నిమ్మతోట అమ్మాడు. ఆ తోటలో మొదటి మొక్కకి గొయ్యి తీసింది నేనూ మా అన్నయ్యా. పోతే పోయింది, మనవడు దక్కాలి అనుకున్నాం. తోట లేనివాడు ఏం చేస్తాడన్నది మాత్రం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

కణాలు ఎక్కించే ముందు మూడు రోజులు వేరే మందులిచ్చి పాత తెల్లకణాల్ని తగ్గించారు, కొత్తవాటికి చోటు కావాలని. అసలు రోజు వచ్చింది. ఏదో పెద్ద తతంగం ఉంటుందనుకున్నాను. అరచేయంత సంచీ, పది నిమిషాల్లో అయిపోయింది. గదంతా మాత్రం వెల్లుల్లి కంపు. గడ్డకట్టినప్పుడు కణాలు చావకుండా కలిపే మందు వాసనట అది, వాడి ఊపిరిలోంచి వస్తుంది. తాతయ్యా, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో కూర్చున్నట్టుంది అన్నాడు వాడు. ఆ మాటకి నర్సమ్మ కూడా నవ్వింది.

మూడో రోజు జ్వరం వచ్చింది, 103. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరమ్మ ముఖంలో మాత్రం ధైర్యమే కనపడింది, కణాలు పనిలోకి దిగాయండీ అంది. మా రోజుల్లో లంఖణం పరమౌషధం అని జ్వరానికి పస్తు పెట్టి, సగ్గుబియ్యం జావ పోసి, తడిగుడ్డ వేసి ఊరుకునేవాళ్లం. ఇక్కడ జ్వరాన్ని కొంత రానిస్తారు, హద్దు దాటబోతే పట్టుకుంటారు. రక్తపోటు తగ్గుతుంటే టోసిలిజుమాబ్ ఎక్కించారు. మర్నాటికి దిగింది. చుట్టాలు చూడటానికి వస్తామంటే ఆసుపత్రివాళ్లు ఒక్కరినే ఉండమన్నారు, అది నాకు మహా కోపం తెప్పించింది. రోగి పక్కన నలుగురు లేకపోవడమేవిటి? కొల్లేరు నుంచి మా మేనల్లుడు కొర్రమీల పులుసు పంపితే గేటు దగ్గరే ఆపేశారు. వాడి ఒంట్లో అప్పుడు రోగాన్ని ఆపే శక్తి సున్నా అని, ఒకరి దగ్గు చాలు వాడి ప్రాణం తీయడానికని తరవాత తెలిసింది. ఆ విషయంలో వాళ్లదే ఒప్పు.

ఇక చేతిరాత. ఈ వైద్యంలో కొందరికి మెదడు మీద ప్రభావం పడుతుంది. అది మొదలవగానే పట్టుకోవాలి. అందుకని రోజూ కొన్ని ప్రశ్నలు: ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, ఏ ఆసుపత్రి? ఇది ఏవిటి, అది ఏవిటి అని మూడు వస్తువులు చూపిస్తారు. కళ్లు మూసుకో అంటే మూసుకోవాలి. నూరు నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టాలి. చివర ఒక వాక్యం రాయాలి. మొత్తం పది మార్కులు. ఇది మా రెండో తరగతి పరీక్షే కదా అనుకున్నాను.

ఆసుపత్రి ఎదురుగా దుకాణంలో గీతల నోటుపుస్తకం కొన్నాను. మొదటి రోజు వాడు ఇంగ్లీషులో ఏదో గిలికాడు. తెలుగులో రాయరా అన్నాను. ఏ భాషైనా ఫర్వాలేదు, రోజూ ఒకటే వాక్యం రాయమంది నర్సమ్మ. మేమిద్దరం కూర్చుని వాక్యం ఎంచుకున్నాం: మా ఊరు దెందులూరు, కొల్లేరు మాకు దగ్గర. కాలేజీ వదిలాక తెలుగు రాయడం అదే మొదటిసారట. అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయి. నాలో పంతులు ఊరుకోడుగా, ద పొట్ట నిండుగా రావాలిరా అని రోజూ దిద్దాను. ఐదో రోజుకి కుదురుగా వచ్చింది.

ఆరో రోజు సాయంత్రం నూరు, తొంభై, ఎనభై అన్నాడు. మళ్లీ ఎనభై. మళ్లీ ఎనభై. పెన్ను చూపించి ఇదేవిటి అంటే పెదవులు కదిలాయి, మాట రాలేదు. నోటుపుస్తకం చేతికిచ్చాను. మా ఊరు అని రాశాడు. తరవాత దె, పక్కన దె, దాని కింద దె. రాత గీత వదిలి కిందకి జారిపోయి, పేజీ అంచు దాటి, దుప్పటి మీద ఆగింది. వేల పలకలు దిద్దిన కళ్లు ఇవి. ఇలాంటి రాత ఎన్నడూ చూడలేదు. నర్సమ్మ ఆ పేజీ చూసి మారు మాట్లాడకుండా ఫోను తీసింది. పది నిమిషాల్లో డాక్టర్లు వచ్చారు, స్టెరాయిడ్ ఇంజక్షన్ మొదలెట్టారు. ఈ దేశీ మందుతో ఇలా జరగడం తక్కువేనని, త్వరగా పట్టుకున్నాం కాబట్టి భయం లేదని చెప్పారు. ఆ రాత్రి నేను ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ తరవాత రెండో రోజు పొద్దున వాడు కళ్లు తెరిచి, చిన్నతాతయ్యా, పుస్తకం ఏదీ అన్నాడు. మా ఊరు దెందులూరు, కొల్లేరు మాకు దగ్గర. కొమ్ము ఒకటి మరిచిపోయాడు. నా సర్వీసులో మొదటిసారి తప్పు దిద్దకుండా వదిలేశాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే తప్పు. ఆ నెలలో వాడికి ప్లేట్‌లెట్లు పదే పదే కావలసి వచ్చాయి. నేనిస్తానని వెళ్తే వయసు దాటిపోయిందని పంపేశారు. మా రోజుల్లో రక్తం ఇవ్వమంటే మగవాళ్లు గోడ దూకి పారిపోయేవాళ్లు, రక్తం ఇస్తే మనిషి ఎండిపోతాడని. వాడి స్నేహితుడు ఒకడు ఫోనులో నాలుగు ముక్కలు పంపాడు, బొటనవేలితోనే. అర్ధరాత్రి దాటాక గూడెం కాలేజీలో చదివిన కుర్రాళ్లు, ముక్కూమొహం తెలియనివాళ్లు, పదకొండు మంది వచ్చి వరసలో కూర్చున్నారు. మా మేనత్త మంచం పక్కన విసనకర్ర పట్టినవాళ్లు ఇప్పుడు లేరని నేను ఏడాది పొడుగునా గొణిగాను. ఉన్నారు. వాళ్లు వచ్చిన దారి వేరు.

ఇరవై ఎనిమిదో రోజు ఎముక మజ్జ పరీక్షలో జబ్బు కనపడలేదు. ఇప్పుడు దెందులూరులో ఉన్నాడు, ఇంటి నుంచే పని. మంచి బీ కణాలకీ అదే పుట్టుమచ్చ ఉంటుంది కాబట్టి అవీ పోయాయి. అందుకని అప్పుడప్పుడు యాంటీబాడీలు ఎక్కిస్తారు, పసిపిల్లాడికి వేసినట్టు టీకాలు మళ్లీ వేయాలట.

అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. ఈ మందు మీద 64 మందితో చేసిన పరీక్ష వివరాలు 2025లో లాన్సెట్ హెమటాలజీలో అచ్చయ్యాయి. ఫలితం లెక్కకు వచ్చినవాళ్లలో నూటికి 73 మందికి జబ్బు తగ్గింది, మిగతావాళ్లకి తగ్గలేదు. తగ్గినవాళ్లలో కొందరికి తిరగబెడుతుంది. ఇది కొన్ని రకాల రక్త కాన్సర్లకి, లింఫోమాలకి, మామూలు వైద్యానికి లొంగనప్పుడు ఇచ్చేది. రొమ్ము, ఊపిరితిత్తి, పేగు గడ్డలకి ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఎవరైనా అన్ని కాన్సర్లకీ ఇదే మందని డబ్బు అడిగితే వాడి గుమ్మం తొక్కకు. రాయవెల్లూరులో ఆసుపత్రిలోనే సుమారు తొమ్మిది రోజుల్లో కణాలు తయారు చేసి, తక్కువ ఖర్చుతో ఇచ్చే ప్రయత్నం సాగుతోందని 2025లో చదివాను. మా నాన్న రోజుల్లో మనవాళ్లు ఆఖరి ఆశగా వెళ్లిన ఊరు అది. అక్కడి నుంచే ఈ మాట రావడం నాకు బాగుంది. భీమవరం మనిషి చేయించిన మందుల వరసలోని మెథోట్రెక్సేట్ ఈవేళ మందుల దుకాణంలో తక్కువ ధరకి దొరుకుతోంది. ఈ కార్ టీ మందూ ఆ దారికి రావాలి. నిమ్మతోట ఉన్నవాడికే ప్రాణం దక్కుతుందంటే అది వైద్యం అనిపించుకోదు. ఓటు అడగడానికి నీ గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఈ మాట అడుగు, నేను అడుగుతూనే ఉన్నాను.

నీకు చెప్పేది ఇంతే నాయనా. జబ్బు పేరు దాచకు, మా మేనత్త దాచుకుని పోయింది. జ్వరం రెండు మూడు వారాలైనా వదలకపోతే, కనురెప్ప పాలిపోతే, దెబ్బ లేకుండా మచ్చలు పడితే, మెడలోనో చంకలోనో గడ్డ తగిలితే, ఫోనులో వెతకడం ఆపి సీబీపీ చేయించుకో, కొన్ని వందల రూపాయల పని. పద్దెనిమిదేళ్లు నిండి ఆరోగ్యంగా ఉంటే బ్లడ్ బ్యాంకుకి వెళ్లి పేరు రాయించుకో. ఆ ఫారం మాత్రం చేత్తో, తెలుగులో, ఒత్తులు తప్పకుండా నింపు.